ఒక విద్యార్థిని మనోదర్పణము



గడచిన వేసవియందు మా పొరుగింటి బాలిక యొకతె, ఇంటర్మీడియేటు పరీక్షలు ముగించుకొని, రంగుల యట్టగల పుస్తకమొకటి తెచ్చి, "పిన్నిగారూ, మీరు కూడ దీనిలో వ్రాయవలెను" అని మా చేతికిచ్చెను. అది స్లామ్ బుక్కు. మీకు ప్రియమైన వర్ణమేది, పుష్పమేది, గ్రంథమేది, మీ జీవితాశయమేది యని ప్రశ్నలు అచ్చువేయబడి, వాని క్రింద గీతలు గీయబడియున్నవి. ఆమె స్నేహితురాండ్రు వ్రాసిన పుటలను మేము త్రిప్పి చూచితిమి. సినిమా నటుల పేర్లును, తినుబండారముల పేర్లును సమృద్ధిగా నున్నవి. ఆశయమను ప్రశ్న యెదుట పలువురు "డాక్టరు" అని వ్రాసియుండిరి. పుస్తకము తెచ్చిన బాలిక మాత్రము తన పుటలో ఆ గీతను ఖాళీగా విడిచినది. ఏల యని యడుగగా, "నాన్నగారు డాక్టరు చదువే చదువుమనుచున్నారు పిన్నిగారూ. అది నా కోరికయో, వారి కోరికయో నాకే తెలియుట లేదు" అని తలవంచుకొనెను.

ఆ మాట విన్నంతనే మాకు మఱియొక విద్యార్థిని జ్ఞప్తికి వచ్చినది. నూటనలువదేండ్లకు పూర్వము, 1883వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల హిందూ యువతి యొకతె అమెరికా దేశములో నిట్టి పుస్తకములోనే తన యిష్టములను, విశ్వాసములను వ్రాసినది. ఆ కాలమున ఆ దేశపు గృహములలో ఇట్టి ప్రశ్నల పుస్తకములు వాడుకలో నుండెను. కెరొలిన్ డాల్ అను రచయిత్రి 1888లో ప్రకటించిన జీవితచరిత్రలో ఆ యువతి ప్రత్యుత్తరములను చేర్చుటచే అవి మనకు దక్కినవి.

ఆమెయే ఆనందీబాయి జోషి. 1865వ సంవత్సరము మార్చి 31వ తేదీన జన్మించి, బొంబాయి చెంతనున్న కళ్యాణపట్టణమున పెరిగినది. పుట్టినింటి పేరు యమున. తొమ్మిదవయేట, తపాలాశాఖలో గుమాస్తాయగు గోపాలరావు జోషిగారికి ద్వితీయ కళత్రమయ్యెను. భార్యకు చదువు చెప్పవలెనను పట్టుదల ఆయనకు మెండు. పదునాలుగవయేట ఆమెకు శిశువు గలిగి, పది దినములకే గతించెను. తగిన వైద్యసహాయము దొరకని ఆ దుఃఖమే ఆమె దృష్టిని వైద్యవిద్య వైపు మరలించినది. భార్యను అమెరికాలో చదివింపనెంచి గోపాలరావుగారు వ్రాసిన లేఖ ఆ దేశపు పత్రికయందు ప్రకటితము కాగా, న్యూజెర్సీ రాష్ట్రమందలి రోజెల్ పట్టణవాసిని థియోడీషియా కార్పెంటరు అను గృహిణి, దంతవైద్యుని కొఱకు వేచియుండిన సమయమున దానిని చదివి, మనసు కరగి, ఉత్తరము వ్రాసెను. ఆ యిరువురకు లేఖల మూలమున బాంధవ్యము కుదిరెను. 1883 ఏప్రిలులో ఆనందీబాయి భర్త తోడు లేకయే కలకత్తాలో నౌక యెక్కి, జూనునాటికి ఆ యింటికి చేరినది. పయి ప్రత్యుత్తరములు అక్కడ వ్రాసినవే.

ఆమె కిష్టమైన వర్ణము తెలుపు. ప్రియమైన పరిమళము మల్లెలది. చేతికి తీసికొని గడియసేపు చదువుకొన దగిన పుస్తకము భగవద్గీత. కవులలో ఆంగ్లేయుడగు పోపును, మన మనువును, కాళిదాసును ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టినది! కవయిత్రులలో జ్ఞానేశ్వరుని చెల్లెలగు ముక్తాబాయిని, నామదేవుని యింట దాసిగా నుండి అభంగములు చెప్పిన జనాబాయిని పేర్కొన్నది. మేమును తండ్రిగారి పాదములకడ కూర్చుండి రఘువంశము చదువుకొన్నవారమే. కాని, యిష్టమైన కవయిత్రులెవరని యెవరైన మమ్ము అడిగినచో, ఆ వయసున ఇంత తడుముకొనక చెప్పగలిగియుండెడివారమా యను సందేహము మాకు కలుగుచున్నది.

ఏ యుగమున జీవింప గోరెదవన్న ప్రశ్నకు, ఆమె త్రేతాయుగమును గాని, కాళిదాసుని కాలమును గాని కోరలేదు. ఇప్పటి కాలమే చాలుననెను. నీవు నీవు కాకున్న మఱెవరు కాదలచెదవన్న ప్రశ్నకు, ఎవరును కానొల్లననెను. ఆశయమేమన్నచో, ఉపయోగపడుట యనెను. సుఖమనగా భగవద్విశ్వాసమనియు, దుఃఖమనగా తన యిచ్ఛ ప్రకారము నడచుకొనుట యనియు వ్రాసెను. అయితే, తనకు మిక్కిలి రోతయైనవి యేవనగా దాస్యమును, పరాధీనతయును అని వ్రాసెను.

చదువరులారా, ఈ కడపటి రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. స్వేచ్ఛానుసారము నడచుట దుఃఖమన్నది యామెయే. పరాధీనత రోత యన్నదియు నామెయే. ఇది పరస్పరవిరుద్ధముగా తోచును. ఆమె బ్రదుకు నెఱిగినవారికి అట్లు తోపదు. భగవంతునికి లోబడుట వేఱు, మనుష్యునికి లోబడుట వేఱని ఆమె అనుభవము మీద తెలిసికొన్నది. గోపాలరావుగారు భార్యను చదివించిన ఘనులే. కాని, ఆ చదువు దెబ్బలతో కూడినది. పదియేండ్ల ప్రాయమున కట్టెముక్కలతో కొట్టుటయు, తరువాత కుర్చీలు, పుస్తకములు విసరుటయు, విడిచిపోయెదనని బెదరించుటయు ఆమె మఱువలేదు. అమెరికానుండి భర్తకు వ్రాసిన లేఖలోనే ఆ సంగతులను వినయము తప్పక, దాచక, ఎత్తి చూపినది. తన విద్యకు ఆయన కారకుడని కృతజ్ఞతయు చూపినది, ఆ కాఠిన్యము తగనిదనియు చెప్పినది. ఈ రెండును ఒక్క నోటితో చెప్పగలుగుటయే ఆమె మనస్సు ఎవరిదో తెలుపుచున్నది.

ప్రయాణమునకు ముందు, 1883 ఫిబ్రవరి 24వ తేదీన, కలకత్తా చెంత శ్రీరామపురము కళాశాలలో ఆమె ఆంగ్లమున ఉపన్యసించినది. ఏల పోవుచున్నావు, ఒంటరిగా నేల పోవుచున్నావు, వెలివేయరా, ఏ స్త్రీయు చేయని పని నీవేల చేయవలెను అని లోకులడిగిన ప్రశ్నలను తానే యెత్తుకొని, ఒక్కొక్కదానికి సమాధానము చెప్పినది. ఇచ్చట విద్య లేదా యన్నవారికి మన మద్రాసు కళాశాలనే ఉదాహరించి, అదియు చాలదన్నది. మద్రాసు వైద్యకళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకొనిన మాట వాస్తవమే. కాని ఆమెకు కావలసినది హిందూస్త్రీకి హిందూస్త్రీయే వైద్యురాలగుట. పరపురుషునికి నాడి చూపుటకు సిగ్గుపడి ప్రాణములు విడుచు స్త్రీలను ఆమె యెఱుగును. హిందువుగా పోయి హిందువుగానే తిరిగివచ్చెదనని సభాముఖమున మాటయిచ్చెను.

ఆ మాట నిలుపుకొనుట యెంత కష్టమో ఫిలడెల్ఫియాలో తెలిసినది. అచ్చటి స్త్రీల వైద్యకళాశాలాధ్యక్షురాలు రేచెల్ బాడ్లీగారు ఆదరించిరి. ఆనందీబాయి చీరయు, బొట్టును, శాకాహారమును విడువలేదు. కాని, చలికి తగినట్లు కాళ్లు కప్పుకొనుటకు గుజరాతీ కట్టు కట్టుకొనుటకు సందేహింపలేదు. ఆచారమునందు విడువదగినదేదో, విడువరానిదేదో ఆమె తానే తేల్చుకొన్నదన్నమాట. ఆమె అభిప్రాయములన్నియు మనకు సమ్మతములు కావు. 1884లో అమెరికాలోని స్త్రీల సభయొకదానిలో బాల్యవివాహమును సమర్థించి ప్రసంగించి, ఆదరించిన వారినే విస్మయపఱచెను. తొమ్మిదేండ్లకు పెండ్లియాడి, పదునాలుగేండ్లకు బిడ్డను కోల్పోయిన యామె అట్లనుట మాకును కష్టము తోచినది. పరదేశీయుల యెదుట స్వజనమును నిందింపనొల్లని యభిమానము అందులో కొంత యున్నదేమో యని మేము తలచుచున్నాము.

1886 మార్చి 11వ తేదీన ఆమెకు వైద్యపట్టము లభించెను. హిందువుల ప్రసూతివైద్యమే ఆమె వ్రాసిన సిద్ధాంతవ్యాసమునకు విషయము. చూచుటకు పండిత రమాబాయిగారు సముద్రము దాటి వచ్చిరి. కొల్హాపురమున ఆల్బర్ట్ ఎడ్వర్డు వైద్యశాలలో స్త్రీల విభాగమునకు అధికారిణిగా నియమింపబడెను. కాని, క్షయరోగము అప్పటికే ఆమె నాక్రమించియుండెను. స్వదేశమునకు చేరి, ఆ యుద్యోగమున ప్రవేశింపకయే, 1887 ఫిబ్రవరి 26వ తేదీన పూనా నగరమున, ఇరువది రెండేండ్లు నిండకయే పరమపదించెను. ఆమె చితాభస్మము అమెరికాకు పంపబడి, కార్పెంటరు కుటుంబమువారి శ్మశానవాటికలో, న్యూయార్కు రాష్ట్రపు పొకీప్సీలో నిక్షేపింపబడినది.

ఉపయోగపడుటయే ఆశయమన్న బాలిక స్వదేశమున వైద్యవృత్తి నారంభింపకయే పోయెను గదా యని కొందఱు విచారింతురు. ఆ వైద్యురాలిని చూడక పోయినను, ఆ విద్యార్థినిని చూచి ధైర్యము తెచ్చుకొన్నవారెందఱో!

మేమీ కథయంతయు మా పొరుగింటి బాలికకు చెప్పితిమి. "అయితే నేనును డాక్టరునే కావలెనా పిన్నిగారూ?" అని యడిగినది. "కాదమ్మా, ఆనందీబాయికి చదువు మొదట భర్త యిచ్చినదే. పిమ్మట తన దుఃఖముతో, తన ప్రశ్నలతో దానిని తనది చేసికొన్నది. నీవును నాన్నగారి కోరికను అట్లే పరీక్షించి చూడుము. నీదైనచో ఉంచుకొనుము, కాకున్నచో వినయముతో ఆయనకే చెప్పుము" అంటిమి.

ఆనందీబాయి ప్రత్యుత్తరములలో నొకదానిని కడపట చెప్పదలచి దాచియుంచితిమి. నీ ప్రత్యేక లక్షణమేమని పుస్తకమడుగగా, ఆమె యింకను తెలిసికొనలేదని వ్రాసెను! సముద్రము దాటిన యువతికే అది తెలియలేదు. మా పొరుగింటి బాలిక ఆ సంగతి విని, మొగము వికసింపగా, పుస్తకము తెఱచి, ఖాళీ గీతమీద "ఇంకను వెదకుచున్నాను" అని వ్రాసినది. ఆ ప్రక్క పుటయందు మా పేరు వ్రాసి, ప్రియమైన వర్ణమేదన్న ప్రశ్నతో మేమును ప్రారంభించితిమి.