పాటకు సెల్‌ఫోను కావాలా?

విడపనకల్లులో పాడిన పాట హైదరాబాదు దాకా పోతుందా? ఈ రోజుల్లో పోతుంది. సెల్‌ఫోనులో తీసి యూట్యూబులో పెడితే ఎక్కడివాళ్ళయినా వింటారు.

మంగ్లీ పేరు విన్నారు కదా! ఆమెది మన అనంతపురం జిల్లానే. గుత్తి మండలం బసినేపల్లి తండా. తిరుపతిలో సంగీతం నేర్చుకున్నారు. టీవీలో పనిచేశారు. ఆమె జానపద పాటలు యూట్యూబులో ఊరూరికీ చేరాయి. సినిమావాళ్ళూ పిలిచారు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' పాడారు.

మరి ఫోను ఉంటే చాలా? చాలదు. గొంతు సాగాలి. తాళం కుదరాలి. అది సాధనతోనే వస్తుంది. ఫోను లేనివాళ్ళు దిగులు పడనక్కరలేదు. జాతర ఉంది. భజన గుడి ఉంది. అనంతపురం ఆకాశవాణి ఉంది. కానీ ఫోనుకు ఎవరి సిఫారసూ అక్కరలేదు. అదే దాని మేలు.

ఒక్క జాగ్రత్త. మీ పాటను వేరేవాళ్ళు తీసి పెట్టుకుంటే పేరూ, డబ్బూ వాళ్ళకే పోతాయి. 1994లో కాపీరైటు చట్టాన్ని మార్చారు. పాడేవారికీ హక్కు ఇచ్చారు. మిమ్మల్ని అడగకుండా మీ పాట రికార్డు చేసి అమ్ముకోకూడదు. అందుకే పాటకు ముందు మీ పేరు, ఊరు చెప్పండి.

మీ ఊళ్ళో బాగా పాడేవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు రాయండి.