ఎదురింటావిడ మందు పెట్టలేదు!

2023 వేసవి చివర్లో మా సన్‌షేడ్ మీద ఓ నాటు పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఎర్రగడ్డలో మా సందుకి పిల్లుల కొదవేం లేదు లెండి. ఆగస్టు వచ్చేసరికి నాలుగూ మెట్ల మీద ఒకటే పరుగులు. ఎదురింటావిడకి మాత్రం ఒళ్ళు మంట. తల్లి పిల్లి రెండుసార్లు వాళ్ళ పాలగిన్నె దొర్లించింది మరి!

ఓ రోజు పొద్దున్న ఒక పిల్ల నీళ్ళ గిన్నె ముందు మూతి వాల్చుకుని కూర్చుంది. తాగదు, కదలదు. పసుపుపచ్చగా నురగ కక్కుకుంది. సాయంత్రానికి పోయింది. మర్నాడు ఇంకొకటి అలాగే పోయింది. మా ఆడపడుచు చూసి "ఇది ఎలకల మందే వదినా, ఎవరో పెట్టేశారు" అంది. ఆ 'ఎవరో' ఎవరో నాకు చెప్పక్కర్లేకపోయింది. ఎదురింటావిడతో మాటలు మానేశాను.

మూడోది కూడా వాంతి చేసుకోగానే మావాడు మిగిలిన రెండింటినీ కూరగాయల బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు, వెనకాలే నేను. ఆయన విరేచనం కాస్త తీసి చిన్న స్ట్రిప్ మీద వేశారు. కుక్కల పార్వో జబ్బుకి వాడే స్ట్రిప్పేనట, పిల్లులకీ పనికొస్తుందట. రెండు గీతలు పడ్డాయి. రక్తం చూస్తే తెల్లకణాలు దాదాపు లేవు. "అమ్మా, దీనికి ఎవరూ ఏమీ పెట్టలేదు. వైరస్" అన్నారు. నా మొహం చూడాలి అప్పుడు!

ఆ జబ్బు పేరు పాన్‌ల్యూకోపీనియా. తెల్లకణాలన్నీ పడిపోవడం అని అర్థం. పేగుల్లోనూ ఎముకల మూలుగులోనూ కొత్త కణాలు పుట్టే చోట ఈ వైరస్ దెబ్బతీస్తుంది. అందుకే వాంతులు, విరేచనాలు, జ్వరం, ఆపైన ఏ రోగాన్నీ తట్టుకోలేని నీరసం. వైద్యం అందకపోతే చిన్న పిల్లల్లో పదింటికి తొమ్మిది దాకా పోతాయి. ఒక్కోసారి ఏ గుర్తూ కనపడకుండా గంటల్లో ప్రాణం పోతుంది. విషం పెట్టారని మనం ఇరుగుపొరుగుని అనుమానించేది సరిగ్గా ఇక్కడే. చూలుతో ఉన్న పిల్లికి సోకితే పుట్టిన పిల్లలు జీవితాంతం తూలుతూ నడుస్తాయి. 'పక్షవాతం పిల్లి' అని మనం జాలిపడే వాటిలో కొన్ని ఇవేనన్నమాట. మనుషులకి మాత్రం ఇది అంటదు.

వైరస్‌ని చంపే మందంటూ లేదు. సెలైన్, వాంతులు ఆగే మందు, వేరే క్రిములు చేరకుండా యాంటీబయాటిక్ ఇచ్చి బతికించుకోవాలి. మూడోది బతకలేదు. నాలుగోది అయిదు రోజుల సెలైన్‌తో గట్టెక్కింది. ఇంట్లో ఉంది కదా అని జ్వరానికి పారాసిటమాల్ మాత్రం ఇవ్వకండి. పిల్లి లివర్ దాన్ని అరిగించుకోలేదు, ఒక్క మాత్రతో చచ్చిపోగలదు.

పిల్లికి వైరస్ పరీక్షలేమిటని మావారు నవ్వారు. మన జూపార్కు సింహాలకి చేయలేదూ? 2021లో కరోనా రెండో విడతలో నెహ్రూ జూలాజికల్ పార్కులో సింహాలకి ముక్కు కారడం, దగ్గు, తిండి తగ్గడం మొదలైంది. మత్తిచ్చి నమూనాలు తీసి, అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాలలో పరీక్ష చేశారు. ఎనిమిది సింహాలకి కరోనా ఉందని మే 4న చెప్పారు. మనకి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షే. ముందే కనిపెట్టి విడిగా ఉంచి చూసుకున్నారు, కోలుకున్నాయి.

పాన్‌ల్యూకోపీనియాకి టీకా ఉంది. దాంతోపాటు హెర్పిస్, కాలిసి అనే జలుబు వైరస్‌లకి కూడా కలిపి ఒకే సూది. ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలదాకా వేయించాలి. అన్నిసార్లు ఎందుకంటే, తల్లిపాలతో వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్ళూ టీకా పట్టదు. అది ఏ వారం తగ్గుతుందో ఏ పిల్లకీ చెప్పలేం. ఏడాదికి మళ్ళీ ఒకటి. మూడు నెలలు దాటాక రేబిస్ టీకా విడిగా వేయించాలి, అది మనకోసం కూడా. పిల్లి కరిస్తే, గీరితే పావుగంట సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇక మన చేతిలో పని, కడగడం. నేను గచ్చంతా ఫినాయిల్‌తో కడిగేశాను. దాన్ని కాళ్ళమీంచి నాకితే పిల్లులకే విషం, ఈ వైరస్‌కేమో లెక్కలేదు. నీడపట్టున ఏడాదిదాకా బతికే మొండి ఘటం అది! బ్లీచ్ ద్రావణం అరకప్పు, నీళ్ళు 16 కప్పులు కలిపి, ముందు సబ్బుతో తోమిన చోట పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో కడగాలి. బాత్రూమ్ యాసిడ్‌తో కలిపారో, విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.

కోడి కోసినప్పుడు పచ్చి చెత్త పిల్లికి వేసే అలవాటు కూడా మానాలి. 2025 మొదట్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకి బర్డ్ ఫ్లూ బయటపడింది, ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాలదాకా వచ్చింది. ఉడికించి పెడితే భయం లేదు.

నిజం తెలిసాక నాకు ఎదురింటి గుమ్మం తొక్కే మొహం లేకపోయింది. ఆ ఏడాది వినాయక చవితి ఉండ్రాళ్ళు కూడా అటు వెళ్ళలేదు. దసరాకి వాళ్ళ మనవరాలు వచ్చింది. ఫిలింనగర్ చుట్టాలు ఆ పిల్లకి పర్షియన్ పిల్లిపిల్లని ఇస్తున్నారని పనమ్మాయి చెప్పింది. నా గుండె జారింది. మెట్లు ఇద్దరివీ ఒకటే. పర్షియన్ అయినా నాటుదైనా సూదులు పడకుండా ఆ మెట్ల మీదకొస్తే మూడు రోజులే.

గారెలు గిన్నెలో పెట్టుకుని వెళ్ళాను. "అక్కయ్యగారూ, సూదులన్నీ అయ్యేదాకా ఆ పిల్లిని తీసుకురాకండి" అని అంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, గిన్నె అందుకుంటూ అడిగింది.

"నేనే మందు పెట్టానని అనుకున్నావు కదమ్మా?"

తలొంచుకున్నాను. ఆవిడ గారె ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "సూదులు ఎక్కడ వేయించాలో ఆ డాక్టరు చిరునామా రాసివ్వు" అంది.