జూలోని పులి, ఫోటోలోని పులి: అపోహలు – వాస్తవాలు

తుంగతుర్తి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ప్రజలు పెద్దపులినో సింహాన్నో కళ్లారా చూసి ఫోటో తీసుకోవాలనుకుంటే సాధారణంగా చేరుకునేది హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలకే. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో విస్తరించి, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరుచుకున్న ఈ జూలో మార్జాల కుటుంబానికి, అంటే పిల్లి జాతికి చెందిన పెద్ద జంతువులు కొన్ని కందకాల ఆవల ఆరుబయట, మరికొన్ని ఇనుప జాలీల వెనుక కనిపిస్తాయి. అక్కడ తీసిన ఫోటో సెల్‌ఫోన్‌లోనే మెరుగులు దిద్దుకుని, ఇల్లు చేరకముందే ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ రోజుల్లో, తీసేటప్పటి అపోహలూ దిద్దేటప్పటి అపోహలూ కలిసి చివరికి ఆ జంతువు గురించిన అపోహలుగానే స్థిరపడుతున్నాయి.

అపోహ: జాలీ అడ్డుంటే మంచి ఫోటో రాదు, వచ్చినా తీగలను ఎడిటింగ్‌లో చెరిపేస్తే సరిపోతుంది.

వాస్తవం: జాలీని మాయం చేయవలసింది తీసేటప్పుడే. కెమెరా ఏ దూరానికి ఫోకస్ చేస్తే ఆ దూరానికి ముందూ వెనుకా కొంత మేర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మేరను స్పష్టతా పరిధి అనుకుంటే, కాంతిని లోపలికి వదిలే రంధ్రమైన అపెర్చర్‌ను పెద్దదిగా తెరిచి, దూరాన్ని దగ్గర చేసే పొడవాటి లెన్స్ వాడి, జంతువు జాలీకి బాగా వెనక్కి జరిగేదాకా ఓపిక పట్టినప్పుడు తీగలు ఆ పరిధికి బయటపడి, మసకబారి కనిపించకుండా పోతాయి. ఎండ పడిన తీగ కాంతిని చెదరగొట్టి చిత్రమంతా పాలిపోయినట్టు చేస్తుంది కాబట్టి నీడలో ఉన్న జాలీ భాగాన్ని ఎంచుకోవడం మేలు. అప్పటికీ మిగిలే పాలిపోయినతనాన్ని కాంట్రాస్ట్ కొంచెం పెంచి సరిదిద్దడంలో తప్పులేదు. సెల్‌ఫోన్‌లో కాంతిని గ్రహించే సెన్సర్ చిన్నది కావడం వల్ల స్పష్టతా పరిధి సహజంగానే పెద్దదై తీగలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అయినా అందుకోసం సందర్శకుల కంచె దాటి జాలీ దగ్గరికి వెళ్లడం ప్రాణాంతకం. ఇక తీగలను ఎడిటింగ్‌లో చెరిపినప్పుడు, ముఖ్యంగా కృత్రిమ మేధ సాధనాలతో చెరిపినప్పుడు, తీగ వెనుక ఉన్న చారలేమిటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు కాబట్టి అది ఊహించి గీస్తుంది. అలా గీసిన చారలు ఆ పులివి కావు.

అపోహ: అరిచి పిలిస్తేనో ఫ్లాష్ వేస్తేనో పులి కెమెరా వైపు చూస్తుంది, కళ్లు మెరిస్తే ‘రెడ్ ఐ’ బటన్ నొక్కితే చాలు.

వాస్తవం: జూలోని జంతువును ఆటపట్టించడాన్ని, చప్పుళ్లతో కలవరపెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ నిషేధిస్తుంది. పులి కంటిలో రెటీనా వెనుక కాంతిని తిప్పి పంపే పొర ఒకటి ఉండడం వల్ల ఆ మెరుపు పసుపు, ఆకుపచ్చ రంగుల్లో వస్తుంది. మనిషి కంటిలోని రక్తనాళాల ఎరుపును సరిచేయడానికి తయారైన బటన్ దానికి సాధారణంగా పనికిరాదు.

అపోహ: తెల్లపులి వేరే జాతి, లేదా బొల్లి వంటి రోగమున్న పులి, ఫోటోలో దానిని పాలలా తెల్లగా చేయాలి.

వాస్తవం: తెల్లపులి మామూలు బెంగాల్ పులే. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే పులిపిల్ల నుంచే జూలలోని తెల్లపులుల వంశం ప్రధానంగా సాగింది. ఎస్‌ఎల్‌సీ45ఏ2 అనే జన్యువులో కలిగిన ఒకే ఒక్క మార్పు ఈ రంగుకు కారణమని 2013లో పరిశోధకులు వెల్లడించారు. ఆ మార్పు ఎరుపు, పసుపు వర్ణకాన్ని అడ్డుకుంటుందే తప్ప నల్లని వర్ణకాన్ని పూర్తిగా ఆపదు, అందుకే చారలు నిలిచి ఉంటాయి, కళ్లు నీలంగా ఉంటాయి. చెట్ల నీడలో తీసిన ఫోటోలో బొచ్చు నీలిగానో ఆకుపచ్చగానో కనిపిస్తే, వెలుగు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను మార్చడం న్యాయమే. అయితే వెలుగును అతిగా పెంచితే బొచ్చులోని సన్నని వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తెల్లపులుల్లో మెల్లకన్ను తరచుగా కనిపిస్తుంది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నాడుల అమరికలోని లోపం వల్ల కలిగే ఆ మెల్లను అందం కోసం ఎడిటింగ్‌లో సరిచేయడమంటే, తెల్లరంగు కోసం ఈ వంశాన్ని నిలిపినందుకు ఆ జంతువు చెల్లిస్తున్న మూల్యాన్ని చూపరి కంటికి కనపడకుండా చేయడమే.

అపోహ: చిరుత, చీతా ఒకటే.

వాస్తవం: చిరుత ఒంటిమీది మచ్చలు పూరేకుల్లా గుంపుగా చేరి మధ్యలో ఖాళీతో ఉంటాయి, చీతావి నిండు చుక్కలు, పైగా దాని కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత ఉంటుంది. భారతదేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించగా, 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి వచ్చిన ఎనిమిదింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. చిన్న సైజు ఫోటోలో కాంట్రాస్ట్ మితిమీరితే చిరుత మచ్చల మధ్య ఖాళీలు పూడుకుపోయి అది చీతాగా భ్రమపెడుతుంది.

అపోహ: ఫోటో బాగుంటే చాలు, అది జూదా అడవిదా అన్నది అనవసరం.

వాస్తవం: ‘వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీలో 2009లో గెలిచిన తోడేలు చిత్రాన్ని, అది మచ్చికైన జంతువు అయి ఉండవచ్చన్న నిర్ణయంతో 2010 జనవరిలో అనర్హమైనదిగా తేల్చారు. 2011లో స్వీడన్‌కు చెందిన ప్రకృతి ఛాయాచిత్రకారుడు టెర్యె హెల్లెసో, లింక్స్ అనే అడవిపిల్లి బొమ్మలను తన ఫోటోల్లో అతికించానని అంగీకరించవలసి వచ్చింది. జూ చిత్రం జూ చిత్రమని చెప్పుకున్నంతవరకు అందులో చిన్నతనమేమీ లేదు. కానీ జూలో తీసిన చిరుత ఫోటోకు ఒక ఊరి చెరువుగట్టు పేరు తగిలిస్తే పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లే రైతు భయపడతాడు, అటవీ సిబ్బంది లేని జంతువు కోసం తిరుగుతారు.

అపోహ: ఫోటోను అద్దంలోలా కుడిఎడమలు తిప్పితే నష్టం లేదు.

వాస్తవం: ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, ఒకే పులికి కూడా కుడి పక్క చారలు ఎడమ పక్కవాటితో సరిపోలవు. ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పుడు సూర్యాపేట కూడా భాగమైన నల్లగొండలోకి కొంత విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి చోట్ల, దారికి ఇరువైపులా ఎదురెదురుగా కెమెరాలు అమర్చి రెండు పక్కల చారలనూ నమోదు చేసి పులులను లెక్కించేది ఇందుకే. పేజీలో ఇమడడానికి తిప్పిన ఫోటోలోని చారలను ఆ నమోదులతో పోల్చితే ఏ పులితోనూ సరిపోవు. కాబట్టి తిప్పని అసలు ఫైలును, తీసిన చోటు, తేదీలతో సహా విడిగా దాచి ఉంచవలసి ఉంటుంది.