జొన్నగింజల సలాడ్

పైనున్న తవుడు పొర, మొలకెత్తే అంకురం, లోపలి పిండిపదార్థం అనే మూడు భాగాలూ చెక్కుచెదరని గింజను ముడిధాన్యం అంటారు. మరపట్టి పాలిష్ చేస్తే మొదటి రెండూ, వాటితోపాటే పీచులో, బి విటమిన్లలో అధికభాగం పోతాయి. ఇలాంటి ముడిధాన్యాల్లో, ఉడికినా ముద్దకట్టక గింజకు గింజ విడివిడిగా నిలిచే జొన్నలు సలాడ్‌కు ఎంతో అనువైనవి. వాటిని రాత్రంతా నానబెట్టి, ఆ నీరు వంపేసి, మూడింతల నీటితో కుక్కర్‌లో మెత్తబడేవరకు ఉడికించి, వార్చి ఆరబెట్టాలి. వేడిమీదే కలిపితే కీరదోస ముక్కలు నీరుకారి సలాడ్ జావలా తయారవుతుంది. చల్లారాక కీరదోస, ఉల్లి, టమాటా, వేయించిన పల్లీలు, కొత్తిమీర, ఉప్పు కలిపి నిమ్మకాయ పిండితే, రుచి మాట అటుంచి, అందులోని సి విటమిన్ గింజలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. జొన్నలకు బదులు కొర్రలు, సామలు వాడాలనుకుంటే మాత్రం, అవి పై ఊక తీయనిదే తినడానికి పనికిరావు కాబట్టి, ఊక తీసినా పాలిష్ చేయనివాటినే అడిగి కొనుక్కోవాలి.