వార్తల్లో పదం: ఓపెన్ సోర్స్ కమ్యూనిటీ

సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకునే హక్కుతో విడుదల చేస్తే అది ఓపెన్ సోర్స్. అయితే కోడ్ బయట పెట్టినంత మాత్రాన జనం పోగవరు. కమ్యూనిటీ పని ఇలా సాగుతుంది: తెలుగు ఒత్తు తెరపై పక్కకు జరిగిందని ఒకరు చెబుతారు, ఇంకొకరు నాలుగు లైన్లు సరిచేసి పంపుతారు. ఆ మార్పును పరీక్షించి అసలు కోడ్‌లో కలుపుకొనేది దాని బాధ్యత చూసే మెయింటెయినర్. అనంతపురం పల్లెల్లో చెరువు ఊరందరిదైనా తూము నీళ్లు పంచే నీరుగంటి చేతిలో ఉన్నట్టే. మెయింటెయినర్ వారాల తరబడి పలక్కపోతే కొత్తవాళ్లు మళ్లీ రారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ పెరిగింది ఇలా నలుగురూ పంపిన మార్పులతోనే. మన దగ్గర 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఇంజినీరింగ్ విద్యార్థులే దాని బలం (ఉద్యోగాలొచ్చాక ఎందరు మిగులుతారన్నదే అసలు చిక్కు). ఆ తర్వాత ‘స్వేచ్ఛ’ చేపట్టిన, తెలుగు కథలల్లే ఏఐ మోడల్ కోసం పాత కథల పుస్తకాలను డిజిటల్‌లోకి మార్చిందీ విద్యార్థులే.