పొలములో తనంతట మొలచిన మొక్కను గుర్తించుట ఎట్లు?



విత్తకుండ, నీరు పెట్టకుండ తనంతట మొలచు మొక్కలు మన పొలములలో, గట్లపైన, బీళ్ళలో ఎన్నో కలవు. వానిలో కొన్ని కలుపు, కొన్ని మేత, కొన్ని మందు, కొన్ని విషము. ఏది ఏదో తెలియవలెనన్న మొదట మొక్కను సరిగా గుర్తించవలెను. అందుకు వాడుక పేరొక్కటే చాలదు. ఈ సంగతి నాకు నా పొరపాటు వలననే తెలిసివచ్చినది.

ఒక తొలకరిలో ఒక రైతు ఫోను చేసి, తన కందిచేనిలో గలిజేరు ముసిరినదని చెప్పెను. నేను అది అంబటిమాడు అనుకొని, విత్తు రాలకముందే గుంటక తోలించినచో చాలునని చెప్పితిని. మూడు వారములు తిరుగకముందే చేను మరల పచ్చబడినది. వెళ్ళి త్రవ్వి చూడగా లోతున లావుపాటి వేరు కనబడినది. అది అటికమామిడి. గలిజేరు అను పేరును కొందరు దానికి, కొందరు దీనికి వాడుదురు. గుంటక కూలి వృథా అయినది. తప్పు రైతుది కాదు. చూడకుండ సలహా చెప్పిన నాది.

ఈ రెండును నేలపై ప్రాకునవే. కాని అంబటిమాడు ఆకు కండగా నుండును. పువ్వు ఆకు మొదట ఒంటిగా సగము దాగియుండును. ఇది విత్తనముతో వ్యాపించును గనుక కాయ పట్టకముందే పీకవలెను. అటికమామిడి పూలు సన్ననివి, ఎరుపు చాయ గలవి, కాడల చివర గుత్తులుగా నుండును; కాయ జిగటగా బట్టలకు అంటుకొనును. ఇది బహువార్షికము. వేరు మిగిలిన మరల చిగుర్చును గనుక గునపముతో వేరంతయు తీయవలెను. మందుగా వాడు పునర్నవ ఈ అటికమామిడియే. రెండవదానిని కోసి పునర్నవయని అమ్మబోయిన తెలిసిన వర్తకుడు కొనడు.

మీ చేతిలో ఫోను ఉన్నచో ఇంటర్నెట్టులో ఖర్చులేని సాధనములు కలవు.

1. ఈఫ్లోరా ఆఫ్ ఇండియా: 2007లో మొదలైనది. ఫొటో పంపినచో వృక్షశాస్త్రజ్ఞులు, అనుభవజ్ఞులు చూచి పేరు చెప్పుదురు. 2008లో వచ్చిన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోను ఊరితో సహా ఫొటో చేర్చవచ్చును.

2. ఫ్లవర్స్ ఆఫ్ ఇండియా: ఇందలి బొమ్మలతో మీ మొక్కను పోల్చుకొనవచ్చును.

3. ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్: లండనులోని క్యూ ఉద్యానము వారిది. శాస్త్రీయ నామము, దాని పాత పేర్లు, మొక్క పుట్టినిల్లు ఇందు దొరకును. వయ్యారిభామ అమెరికా ఖండపు మొక్కయని ఇందు చూడవచ్చును.

4. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ: పాత గ్రంథములను ఉచితముగా చదువవచ్చును. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ మన కోస్తా మొక్కలపై వెలువరించిన 300 చిత్రపటముల గ్రంథము (1795-1820), గాంబుల్ ప్రారంభించిన మద్రాసు రాజధాని వృక్షగ్రంథము (1915-1936) ముఖ్యమైనవి. రెండవది కోస్తా, రాయలసీమలకు పనికివచ్చును. తెలంగాణము అప్పుడు నిజాము రాజ్యములో నుండుటచే అందు చేరలేదు.

ఫొటో తీయుటలో శ్రద్ధ వహింపుడు. మొక్క మొత్తము, ఆకు పైవైపు, క్రిందివైపు, పువ్వు, కాయ, వేరు వేరువేరుగా తీయుడు. కొలతకు ప్రక్కన ఒక నాణెము నుంచుడు. తేదీ, ఊరు, నేల రకము వ్రాయుడు. పువ్వులేని ఫొటోతో నిశ్చయముగా చెప్పుట తరచు కష్టము.

ఒక హెచ్చరిక: ఫొటో చూచి తానే పేరు చెప్పు ఫోను యాప్‌ల మాట ఊహయే గాని రుజువు కాదు. ఆ మాట నమ్మి ఏ మొక్కను తినకుడు, పశువులకు వేయకుడు, మందుగా వాడకుడు. పచ్చిమొక్కను వేరుతో సహా తెచ్చి మీ వ్యవసాయాధికారికి చూపుడు.

గ్రామాధికారులు ఊరి మొక్కల ఫొటోలు, వాడుక పేర్లు, శాస్త్రీయ నామములు ఒక పుస్తకములో చేర్చి యుంచినచో ఊరంతటికిని ఉపయోగపడును. ముందు మొక్కను తెలిసికొనుడు. తరువాతనే గుంటకయో, గునపమో పట్టుడు.