మూడణాలా, పదిహేనణాలా?

కూలిరేట్ల సమావేశానికి వచ్చే అధికారి చేతిలో ఒక కాగితం ఉంటుంది. జిల్లా తలసరి ఆదాయం పోయినేడు ఇంత, ఈ ఏడు ఇంత పెరిగింది అని చదువుతాడు. వింటున్న కూలీలకు ఒకటే అనుమానం: పెరిగిందంటున్నారే, అది ఎవరింటికి పోయింది? ఇదే ప్రశ్నను 1963లో ఒక సభ్యుడు లోక్‌సభలో నిలబడి అడిగారు. అడిగి ఊరుకోలేదు, లెక్క తేల్చేదాకా పట్టు విడవలేదు. ఆయన డాక్టర్ రామమనోహర్ లోహియా.

లోహియా రాజకీయాలతో మాకు పేచీలున్నాయి. కాంగ్రెసును ఓడించాలనే ఒక్క పట్టుదలతో ఆయన జనసంఘంతోనూ చేతులు కలపడానికి సిద్ధపడ్డారు. దాని సంగతి మరోసారి. పార్లమెంటులో పేదవాడి పక్షాన సర్కారు చిట్టాను విప్పి చూపించిన పని మాత్రం మన వ్యవసాయ కార్మిక కార్యకర్తలందరూ తెలుసుకోదగ్గది.

1962 ఎన్నికల్లో ఆయన ఫూల్‌పూర్‌లో నెహ్రూ మీదనే పోటీచేసి ఓడిపోయారు. మరుసటేడు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. ఆ ఆగస్టులోనే ఆచార్య కృపలానీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించారు. స్వతంత్ర భారతంలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. చైనాతో యుద్ధం జరిగి ఏడాదైనా కాలేదు గనుక సరిహద్దులు, రక్షణ సంగతులతోనే సభ మార్మోగుతోంది. లోహియా హిందీలో లేచి కూటి సంగతి ఎత్తారు. ఈ దేశంలో నూటికి అరవై మంది, అంటే 27 కోట్ల మంది, రోజుకు మూడణాల మీద బతుకుతున్నారు. ప్రధానమంత్రి మీద మాత్రం రోజుకు 25 వేల రూపాయలు ఖర్చవుతోంది అన్నారు.

మూడణాలంటే పంతొమ్మిది నయాపైసలు కూడా నిండవు. 1957 ఏప్రిల్‌లోనే కొత్త పైసలు వచ్చినా జనం నోట అణా, బేడ, పావలాలే ఆడుతున్న రోజులవి. లోహియా జనం లెక్కలోనే మాట్లాడారు. మూడణాల లెక్కన మనిషికి ఏడాదికి 68 రూపాయల చిల్లర. తిండి, గుడ్డ, దీపానికి కిరసనాయిలు, జబ్బు చేస్తే మందు అన్నీ అందులోనే!

నెహ్రూ ఒప్పుకోలేదు. మూడణాలు కాదు, పదిహేనణాలు అన్నారు. ప్రణాళికా సంఘం అంకెల ప్రకారం దేశంలో తలసరి ఆదాయం అంత ఉందన్నమాట. అంకె అబద్ధం కాదు. మోసమంతా ఆ “తలసరి”లో ఉంది. ఒక పల్లెలో పది మంది ఉన్నారనుకుందాం. ఆసామికి రోజుకు వంద రూపాయలు వస్తాయి, మిగతా తొమ్మండుగురికి తలా ఒక్క రూపాయి. మొత్తం 109. పదితో భాగించండి: తలకు పది రూపాయల తొంభై పైసలు! కాగితం మీద అందరూ సుఖంగానే ఉన్నారు. తొమ్మండుగురి ఇళ్లలో పొయ్యి రాజేయడమే కష్టం. టాటా, బిర్లాల ఆదాయాన్నీ చెప్పుల్లేకుండా దుక్కి దున్నే పాలేరు ఆదాయాన్నీ ఒకే కుండలో పోసి గరిటెతో తిప్పితే పదిహేనణాలు తేలాయి.

దీనిమీద ప్రత్యేకంగా చర్చ జరగాలని లోహియా పట్టుబట్టి సెప్టెంబరులో సాధించారు. ఆయన వాదన పూర్తి కావాలని ఇతర సభ్యులు తమకిచ్చిన సమయాన్ని వదులుకున్నారు. తమ వంతు కోసం కొట్లాడుకునే చోట ఇది చిన్న విషయమేం కాదు. వాదన సాగిన కొద్దీ సర్కారు పక్షం కూడా పదిహేను దగ్గర నిలబడలేక, అడుగున ఉన్న జనానికి ఏడున్నర అణాలు అనే దాకా దిగింది. మూడా, ఏడున్నరా అన్న తగువు అక్కడ తెగలేదు. పదిహేను మాత్రం చెల్లకుండా పోయింది.

మరి కూలివాడి సంగతేమిటి? దీనికి ఢిల్లీలోనే రెండు పుస్తకాలున్నాయి. కేంద్రం 1950-51లో ఒకసారి, 1956-57లో మరోసారి వ్యవసాయ కార్మికుల స్థితిగతులపై విచారణ జరిపించింది. మొదటిదాని ప్రకారం కూలి కుటుంబాల్లో తలసరి ఆదాయం ఏడాదికి 104 రూపాయలు. రెండోదానికొచ్చేసరికి 99 రూపాయల 40 పైసలు. మగ కూలి రోజుకు 109 పైసల నుంచి 96కు, ఆడ కూలి 68 నుంచి 59కి దిగింది. అప్పు మాత్రం దిగలేదు. నూటికి 45 కుటుంబాలు అప్పుల్లో ఉన్నచోట 64 అయ్యాయి. సగటున ఇంటికి 47 రూపాయల అప్పు 88కి ఎక్కింది. రెండు విచారణల పద్ధతులూ ఒకటి కావు, పోల్చకూడదు అని కొందరు ఆర్థికవేత్తలన్నారు. కావచ్చు. పోల్చవద్దు, రెండోదాన్నే తీసుకుందాం. 99 రూపాయల 40 పైసలను 365 రోజులకు పంచి చూశాం. రోజుకు 27 పైసలు, అంటే నాలుగణాల పైన కొంచెం. కూలి 96 పైసలుంటే ఇంత తక్కువెలా అయిందంటారా? ఏడాదిలో మగవాడికి కూలి పని దొరికింది 197 రోజులే. మిగతా రోజులు కడుపులు ఊరుకుంటాయా? ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు ఉండరా? పైగా ఇదీ సరాసరే. కూలీల్లోనూ దీనికంటే కింద బతికినవాళ్లున్నారు. పదిహేనణాలకు ఇది ఆమడ దూరం, మూడణాలకు పక్కిల్లు.

ఇంకో సంగతి. ఈ చర్చకు ఏడాది ముందే, 1962లో, నిపుణుల బృందం ఒకటి కూర్చుని మనిషి బతకడానికి నెలకు కనీసం 20 రూపాయలు కావాలని, అదీ చదువు, వైద్యం సర్కారే చూసుకుంటే, అని తేల్చింది. రోజుకు పదిన్నర అణాల పైమాట. అంటే ప్రభుత్వం తానే ఒప్పుకున్న ఏడున్నర అణాలు కూడా ఆ కనీసానికి మూడణాలు తక్కువ! లోహియా చెప్పినవి కాకి లెక్కలని కొట్టిపారేసినా, సర్కారు సొంత లెక్కే సర్కారు మీద సాక్ష్యం చెబుతోంది.

తీర్మానం 62 ఓట్లకు 347తో వీగిపోయింది. చర్చ వల్ల ఏ ఊళ్లోనూ కూలి పైసా పెరగలేదు. అది నాట్ల నాడు కూలీలు గట్టెక్కి కూర్చుంటేనే పెరిగేది. అయితే పేదరికాన్ని సరాసరి చాటున దాచడం ఆ తర్వాత అంత సులువు కాలేదు. 1971లో దండేకర్, రథ్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి, 1960-61 ధరల్లో పల్లె మనిషికి నెలకు 15 రూపాయలు, అంటే రోజుకు ఎనిమిదణాలు, కనీసమనుకుంటే గ్రామాల్లో నూటికి 40 మందికి అదీ లేదని రాశారు. లోహియా అది చూడలేదు. 1967 అక్టోబరులో చనిపోయారు.

2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చింది. పల్లెలో రోజుకు 26 రూపాయలు, పట్నంలో 32 రూపాయలు ఖర్చుపెట్టగలిగినవాడు పేదవాడు కాడట. దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటేడు రంగరాజన్ అధ్యక్షతన మరో బృందాన్ని వేశారు. 2014లో అది ఇచ్చిన నివేదికలో పల్లె గీత 32 రూపాయలు, పట్నం గీత 47 రూపాయలు.